మొదటి కోచ్ సరే, రెండో ఆయన ఏడీ?

ఫ్రిట్జ్ పొలార్డ్ పేరు ఎక్కడ కనిపించినా పక్కన ఓ బిరుదు ఉంటుంది: అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో తొలి నల్లజాతి కోచ్. నాకు ఆ ‘తొలి’ దగ్గరే పేచీ. తొలి అన్నాక వెనకాల మలి ఉండాలి కదా! పొలార్డ్ 1921లో ఎల్గీ టోబిన్‌తో కలిసి ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ప్రోస్ జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ తరం ముగిశాక ఎన్ఎఫ్ఎల్‌లో మళ్లీ ఓ నల్లజాతి హెడ్ కోచ్‌ను చూడ్డానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన రైడర్స్ జట్టు కోచ్ ఆర్ట్ షెల్. 1921 నుంచి లెక్కేస్తే 68 ఏళ్లు.

పోనీ, పొలార్డ్‌ది ఉత్సవ విగ్రహం లాంటి పదవా అంటే కాదు. మైదానం అంచున నిలబడి సలహాలు అరవడం ఆ రోజుల్లో నిబంధనలకు విరుద్ధం. ఆటాడుతూనే కోచింగ్ చేసే మనిషి ఏం చెప్పాలన్నా బరిలోనే చెప్పాలి. అంటే 1921 ఒహాయోలో తెల్ల ఆటగాళ్లు ఒక నల్లవాడి మాట మీద కదిలారన్నమాట. ఆ జట్టులో అతని తోటి ఆటగాడు పాల్ రోబ్సన్. అవును, గాయకుడిగా మనకు తెలిసిన రోబ్సనే.

అయితే ఆ పెద్దరికం గీత దాటి బయటికొస్తే చెల్లేది కాదు. గుంపు కంటపడకుండా పొలార్డ్ జట్టు యజమాని చుట్టల దుకాణంలో బట్టలు మార్చుకునేవాడు. సరిగ్గా ఆట మొదలయ్యే వేళకు కారులో మైదానానికి చేర్చేవారు. లోపల ఇంకో గండం. బంతి చేతపట్టుకుని పరిగెడుతూ కింద పడ్డాక కావాలని మీదికి దూకేవాళ్లుండేవారు. అందుకని పడీపడగానే వెల్లకిలా తిరిగి, మొనలున్న బూట్లు పైకి లేపి కాళ్లాడించేవాడు. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషికి అంతకుమించి కవచం ఏముంది!

ఆటలో వంక పెట్టడానికీ లేదు. బ్రౌన్ యూనివర్సిటీ తరఫున 1916 జనవరి 1న రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ మ్యాచ్ ఆడాడు, అదే ఏడాది దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లను ఎంచే ఆల్ అమెరికన్ జట్టుకెక్కాడు. 1920లో, అంటే లీగ్ పుట్టిన ఏడాదే, అతను ఆడిన ఏక్రన్ ఒక్క ఓటమీ లేకుండా విజేత అయింది.

మరి రెండో ఆయన ఎందుకు రాలేదు? 1934 నుంచి 1945 దాకా ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. రాతలో నిషేధం ఏదీ లేదు, ఆచరణలో మాత్రం తలుపు మూసేశారు. ఆటగాడికే చోటు లేని చోట కోచ్ ఎక్కణ్నుంచి వస్తాడు? పొలార్డ్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1935లో న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ల పేట హార్లెమ్‌లో బ్రౌన్ బాంబర్స్ అనే నల్లజాతి జట్టును తీసుకుని కోచింగ్ చేశాడు. అదీ ఎన్నాళ్లో సాగలేదు.

ఆటలో మేటివాళ్లను గౌరవించే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు పొలార్డ్ 2005లో గుర్తొచ్చాడు. అప్పటికి ఆయన పోయి 19 ఏళ్లు. ఆర్ట్ షెల్‌కు హెడ్ కోచ్ కొలువు దక్కడం కూడా చూడలేదు. మూడేళ్ల తేడాతో తప్పిపోయింది.