మైటీ మో సంరక్షణలో మన వంతు

అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్ మన తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. నార్త్ ఎవెన్యూ మార్టా రైలు స్టేషన్‌లో దిగి, పీచ్‌ట్రీ వీధికి నడిచి వెళ్ళి, బ్రాడ్వే నాటకమో పిల్లల బ్యాలేనో చూసి వచ్చేవారు మనలో చాలామందే ఉన్నారు. అయితే ఆ హాలులో లిఫ్టు మీద పైకి లేచే ‘మైటీ మో’ అనే పైపు ఆర్గాన్‌ను, అంటే గొట్టాలలోకి గాలి వదిలి పలికించే పెద్ద వాద్యాన్ని, మాత్రం ఒక అలంకారంగా చూసి ఊరుకుంటున్నాము. దాని సంరక్షణకు మన తెలుగు సంఘం ఏటా కొంత సొమ్ము కేటాయించాలని, దానిని దానధర్మంగా కాక ఈ ఊరివాళ్ళుగా మన వంతు చందాగా ఇవ్వాలని నా అభిప్రాయం.

ఈ భవనాన్ని మొదట ష్రైనర్లు అనే సోదర సంఘం తన సొంత అవసరాలకు తలపెట్టింది. ఖర్చు చేయి దాటిపోవడంతో ఆడిటోరియాన్ని సినిమా హాళ్ళ అధిపతి విలియం ఫాక్స్‌కు లీజుకు ఇచ్చింది. 1929 డిసెంబరు 25న హాలు తెరుచుకుంది. మేరీలాండ్ రాష్ట్రం హేగర్స్‌టౌన్‌లో మోలర్ కంపెనీ తయారుచేసిన ఈ ఆర్గాన్‌లో వేళ్ళతో నొక్కే మెట్లు (కీలు) నాలుగు వరుసలు, 3,622 గొట్టాలు ఉన్నాయి. సినిమా హాళ్ళ ఆర్గాన్లలో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాలులోని దాని తరువాత పెద్దది ఇదేనని చెబుతారు. వింత ఏమిటంటే, మూకీల కోసం పుట్టిన ఈ వాద్యం వచ్చేనాటికే మూకీల కాలం చెల్లిపోయింది. వాల్ స్ట్రీట్ కుప్పకూలిన రెండు నెలలకు తెరుచుకున్న ఆ హాలు మూడేళ్ళు తిరగకుండానే మూతపడింది. తరువాత మళ్ళీ తెరిచినా, 1950ల నాటికి ఆర్గాన్ మూలపడింది.

మన దేశంలో మూకీలకు హార్మోనియం, తబలాలతో సరిపెట్టుకున్నారు. అమెరికా హాళ్ళ యజమానులేమో ఒక్క మనిషి జీతంతో వాద్యబృందమంతటినీ పలికించే యంత్రాన్ని కోరుకున్నారు. పద్యనాటకాల హార్మోనియం ఎరిగినవారికి ఇందులో తెలియనిదేమీ లేదు. ఇక్కడా గాలే, మెట్లే. కాకపోతే తిత్తి ఊదే చేతికి బదులు కరెంటు మోటారుతో తిరిగే పెద్ద పంకా ఉంటుంది. మెట్టు నొక్కగానే ఒక విద్యుదయస్కాంతం పనిచేసి గాలిని వదిలితే, చిన్న తోలు సంచి ముడుచుకొని గొట్టం కింది మూతను తెరుస్తుంది. గొట్టాలలో పెద్దది 32 అడుగులు, చిన్నది పెన్ను అంత. అవన్నీ గోడల వెనుక గదులలో ఉంటాయి కనుక, ఆ గదుల చెక్క రెక్కలను తెరుస్తూ మూస్తూ ధ్వనిని పెంచి తగ్గిస్తారు. ఈ యంత్రానికి ప్రాణం ఆ తోలు సంచులలోనే ఉంది. తోలు ఎండి చిట్లితే ఆ స్వరం పలకదు, ఒక్కొక్కదానినీ చేత్తో మార్చవలసిందే. మోలర్ కంపెనీ 1992లోనే మూతపడింది గనుక తయారుచేసినవారినే పిలిచి బాగుచేయించుకునే వీలు కూడా లేదు.

మూలపడిన ఆర్గాన్‌ను 1963లో జో ప్యాటెన్ అనే నిపుణుడు, యాజమాన్యాన్ని ఒప్పించి, కొందరు ఔత్సాహికులతో కలిసి బాగుచేశాడు. బాబ్ వాన్ క్యాంప్ అనే రేడియో వ్యాఖ్యాత దానిని వాయిస్తూ ప్రేక్షకుల చేత పాడించేవాడు. నా వాదనకు ఆధారం ఇదే. 1970లలో సదరన్ బెల్ టెలిఫోన్ కంపెనీ తన ప్రధాన కార్యాలయం కోసం ఆ స్థలం మీద కన్నేసినప్పుడు, పాతబడిన ఆ హాలులో ఊరివాళ్ళు గొంతు కలిపి పాడుకున్న వాద్యం ఒకటి ఇంకా పనిచేస్తూ ఉంది. ఆర్గాన్ ఒక్కటే హాలును నిలబెట్టిందని అనను. 1975లో అట్లాంటా ల్యాండ్‌మార్క్స్ అనే సంస్థ ముందుకొచ్చి 18 లక్షల డాలర్ల అప్పుతో హాలును కొని, చందాలు పోగుచేసి 1978లో ఆ అప్పు తీర్చింది. అయినా, ఆ చందాలు ఇచ్చినవారిలో ఎందరో ఆ పాటలు పాడినవారేనని నా నమ్మకం.

శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫాక్స్ థియేటర్‌కు ఆ అదృష్టం లేకపోయింది. అక్కడ వర్లిట్జర్ కంపెనీ చేసిన అంత గొప్ప ఆర్గాన్ ఉండీ, 1963లో హాలును కూల్చేశారు. విడిగా అమ్ముడుపోయిన ఆర్గాన్ చివరకు హాలీవుడ్‌లోని ఎల్ క్యాపిటన్ థియేటర్‌కు చేరింది. ఇప్పటికీ మోగుతోంది, సంతోషమే. కాని 4,600కు పైగా సీట్లున్న హాలు కోసం కట్టిన వాద్యాన్ని సుమారు వెయ్యి సీట్ల హాలులో వింటే, విన్నది సగమే అవుతుంది. పైపు ఆర్గాన్‌కు హాలు కూడా ఒక అంగం.

అట్లాంటా ఫాక్స్ చరిత్ర అంతా తీపి కాదు. నల్లజాతి ప్రేక్షకులను చాలాకాలం బయటి మెట్ల మీదుగా పై బాల్కనీకే పంపేవారు. ఆ సంగతిని పిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పగలుగుతున్నామంటే, భవనం మిగిలి ఉండబట్టే.

మన కూచిపూడికీ, అన్నమయ్య కీర్తనల పోటీలకూ నిధులు చాలడం లేదు, ఇదెందుకనే ప్రశ్న రాక మానదు. మన ఊళ్ళలో సినిమా హాళ్ళు ఫంక్షన్ హాళ్ళుగా, షాపింగ్ కాంప్లెక్సులుగా మారిపోతుంటే వాట్సాప్‌లో పాత ఫొటోలు పంచుకొని నిట్టూర్చడం తప్ప ఇంత దూరం నుంచి మనం ఏమీ చేయలేకపోయాము. ఇక్కడి హాలు విషయంలో ఆ సాకు చెల్లదు. అతిథుల శాలువాలకు, జ్ఞాపికలకు పెట్టే ఖర్చులో పదో వంతు తగ్గించినా చాలు. దానితోపాటు, కీబోర్డు నేర్చుకుంటున్న మన పిల్లలకు ఈ వాద్యాన్ని దగ్గర నుంచి చూసే అవకాశం ఇమ్మని హాలు నిర్వాహకులను అడగాలి. అమెరికన్ థియేటర్ ఆర్గాన్ సొసైటీ యువ వాదకులకు పోటీలు కూడా నిర్వహిస్తోంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ రెండు అంశాలనూ చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.