ఖండం కావలెనా? దరఖాస్తుదారులకు సూచనలు

ఆక్రమించడానికి ఖాళీ ఖండమే దొరకనక్కర్లేదు. జనం కిటకిటలాడుతున్నా సరే, మీ మ్యాపులో ఖాళీగా ఉంటే చాలు. ముందు పేర్లు పెట్టండి. ఆఫ్రికాలో జాంబెజీ నది మీది జలపాతాన్ని అక్కడివాళ్లు ఎప్పట్నుంచో మోసి-ఓఆ-తున్యా అంటున్నారు. 1855లో స్థానికుల పడవెక్కి వెళ్లి చూసిన స్కాట్లండ్ మిషనరీ లివింగ్‌స్టన్ దానికి విక్టోరియా అని రాణిగారి పేరు పెట్టాడు. జలపాతం ఆ రోజే పుట్టినట్టు లెక్క. పడవ నడిపినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

వస్తువు ఉంటేనే పేరు పెట్టాలన్న నియమమూ లేదు. బెంగాల్‌లో సర్వేయర్ జనరల్‌గా చేసిన జేమ్స్ రెనెల్ 1798లో పశ్చిమ ఆఫ్రికాకు అడ్డంగా కాంగ్ పర్వతాలు గీసిపెట్టాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తర్వాతివాళ్లు చూసి రాసుకున్నారు. 1880ల చివర్లో ఫ్రెంచి అధికారి బింగర్ స్వయంగా వెళ్లి చూసేదాకా, దాదాపు తొంభై ఏళ్లు, ఆ పర్వతాలు ఒక్క రాయైనా లేకుండా నిలబడ్డాయి.

అసలు పని సంతకం. 1888 అక్టోబర్ 30న ఇప్పటి జింబాబ్వేలోని బులవాయోలో న్డెబెలె రాజు లోబెంగులాతో వేయించిన గుర్తును నమూనాగా పెట్టుకోండి. గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ తరఫున అతని భాగస్వామి రడ్ ఇస్తానన్నవి: నెలకు వంద పౌన్లు, 1,000 మార్టినీ-హెన్రీ రైఫిళ్లు, లక్ష తూటాలు, నదిలో తిరగడానికి ఓ ఆవిరి పడవ. పుచ్చుకున్నవి: రాజ్యంలోని ఖనిజాలన్నీ. తవ్వడానికి పదిమందికి మించి తెల్లవాళ్లు రారన్న హామీని నోటితోనే ఇవ్వండి, పొరపాటున కూడా కాగితం మీద పెట్టొద్దు. అనుమానమొచ్చి రాజు లండన్‌కు మనుషుల్ని పంపితే రాణిగారి దర్శనం చేయించండి. ఆ 1889లోనే మీ కంపెనీకి రాణిగారి చార్టర్, అంటే అధికార పత్రం, పుట్టించండి. 1890లో ఆ పదిమంది వందల్లో దిగుతారు. ఇంకా పేచీ ఉంటే నిమిషానికి 600 తూటాలు కక్కే మాక్సిమ్ తుపాకి 1893లో తీర్చేస్తుంది. 1895కల్లా దేశం పేరు రొడీషియా. (1766లో నిజాంతో కాగితం రాయించుకుని ఉత్తర సర్కారులు పట్టిన కంపెనీని ఎరిగిన తెలుగువాళ్లకు ఇంతకన్నా విడమరచనక్కర్లేదు.)

ఒక్క జాగ్రత్త: అప్పుడప్పుడు మ్యాపు చూసుకోండి. 1890 జూలైలో జర్మనీ బ్రిటన్‌తో బేరమాడి, తన నైరుతి ఆఫ్రికా (ఇప్పటి నమీబియా) నుంచి జాంబెజీ దాకా సుమారు 450 కిలోమీటర్ల సన్నటి భూమి పేలిక సంపాదించింది. అక్కణ్ణుంచి పడవలో హిందూ మహాసముద్రం చేరొచ్చని ఆశ. దారిలో నది వంద మీటర్ల కిందికి దూకుతుంది, అదీ రాణిగారి పేరు పెట్టుకుని, 35 ఏళ్లుగా. అయినా చాన్సలర్ కాప్రివి పేరు ఆ పేలికకు తగిలించారు. 2013లో నమీబియా ఆ ప్రాంతం పేరు జాంబెజీగా మార్చేదాకా అదే నడిచింది.