నేల విడిచిన సాము

ఎలక్ట్రిక్ సైకిల్‌కు కొత్త కంట్రోలర్, అంటే బ్యాటరీ నుంచి మోటార్‌కు పోయే కరెంట్‌ని అదుపు చేసే డబ్బా, బిగించాక దాన్ని పరీక్షించడానికి లోకమంతా ఒకే శాస్త్రీయ పద్ధతి మీద ఏకాభిప్రాయానికి వచ్చింది. సైకిల్‌ని తలకిందులు చేయాలి. యాక్సిలరేటర్ తిప్పాలి. చక్రం గిర్రున తిరుగుతుంది. తిప్పినాయన కెమెరా వైపు తిరిగి బొటనవేలు ఎత్తుతాడు. కంట్రోలర్ పాస్. ఇంత తక్కువ శ్రమతో ఇంత ధీమా ఇచ్చే ప్రయోగం భౌతికశాస్త్ర చరిత్రలో మరొకటి లేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ ఘట్టాన్ని తొందరపడకుండా చూడాలి. ముందు సీటు కింద పాత గుడ్డ పరుస్తారు, గీతలు పడకూడదని. ఆ సీటు మీద చూపించిన శ్రద్ధలో పదోవంతు కంట్రోలర్ ఎప్పటికీ నోచుకోదు. తర్వాత అందరూ రెండడుగులు వెనక్కి జరుగుతారు. యాక్సిలరేటర్ కొంచెం తిప్పుతాడు, ఇంకొంచెం, ఇక పూర్తిగా. స్పీడోమీటర్ నలభై దాటి యాభై వైపు పోతుంది. చూసేవాళ్లలో ఒకాయన "అబ్బో!" అంటాడు. ఎందుకు అనడు? మోయాల్సిన మనిషి లేడు, ఎదురుగాలి లేదు, ఎక్కాల్సిన ఎత్తు లేదు, అసలు రోడ్డే లేదు. చివరికి మన నిపుణుడు కంట్రోలర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి, కళ్లు అరమోడ్చి, "చూడండి, ఎంత చల్లగా ఉందో" అంటాడు. చల్లగా ఉండక ఏం చేస్తుందయ్యా! దానికి ఇంకా పనే చెప్పలేదు.

ఖాళీగా తిరిగే హబ్ మోటార్, అంటే చక్రం నడిబొడ్డున ఉండే మోటార్, బ్యాటరీ నుంచి లాగేది ఒక ఆంపియర్, కాస్త అటూ ఇటూ. 48 వోల్టులతో గుణిస్తే 50 వాట్ల దరిదాపు. డబ్బా మీద రాసింది 1000 వాట్లు. మిగతా 950 వాట్లను బొటనవేలు పరీక్షించిందన్నమాట.

అసలు పరీక్ష బరువున్న మనిషి ఎక్కి కూర్చుని, ఎత్తు మీద ఆగినచోటి నుంచి కదిలేటప్పుడు మొదలవుతుంది. చక్రం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు మోటార్‌కు వోల్టేజి తక్కువ చాలు, కరెంట్ మాత్రం బోలెడు కావాలి. కంట్రోలర్ చేసే పనే అది. వోల్టేజిని కోసి, బ్యాటరీ ఇస్తున్నదానికి రెండు మూడు రెట్ల కరెంట్‌ను మోటార్‌కు వెళ్లే మూడు ఫేజ్ వైర్లలోకి తోస్తుంది. బ్యాటరీ వైపు పెట్టిన వాట్‌మీటర్‌కు ఇది కనిపించదు. కంట్రోలర్ లోపల ఈ కోత కోసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లైన మాస్‌ఫెట్‌లకు మాత్రం బాగా తెలుస్తుంది, ఎందుకంటే వాటి నిరోధం వల్ల పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. గాలిలో తిరిగే చక్రానికి ఈ కష్టం కలలో కూడా రాదు.

సరే, పరీక్ష సంగతి అలా ఉంచి ఎంపిక సంగతి చూద్దాం. ఎంపిక ఇంకా సులువు. డబ్బా మీద ఏ అంకె పెద్దగా ఉంటే అది మంచిది. వాట్లు అనే అంకె కంట్రోలర్ మీద రాయడమే ఒక వినోదం. కంట్రోలర్ నిజంగా అదుపు చేసేది కరెంట్‌ని. 48 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు వదిలితే బ్యాటరీ నుంచి వచ్చేది 960 వాట్లు. కానీ ఆ ఆంపియర్ల అంకె అంగుళంలో పదోవంతు అక్షరాల్లో, స్టిక్కర్ అంచున, సిగ్గుపడుతూ ఉంటుంది. దాన్ని చదివే ఓపిక ఎవరికుంది? బ్యాటరీలోనే ఉండి దాన్ని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్‌కు మాత్రం ఆ ఓపిక ఉంది. 20 ఆంపియర్ల బీఎంఎస్‌కు 30 ఆంపియర్ల కంట్రోలర్ తగిలిస్తే, సరిగ్గా ఎత్తు మధ్యలో అది సరఫరా తెంపేసి తన అభిప్రాయం చెబుతుంది.

36 వోల్టుల బ్యాటరీకి 48 వోల్టుల కంట్రోలర్ కొన్న మహానుభావులకు మరో అనుభవం కాచుకుని ఉంటుంది. వరుసగా పది సెల్‌లున్న 36 వోల్టుల లిథియం ప్యాక్ నిండుగా చార్జయితే 42 వోల్టులు. 48 వోల్టుల కంట్రోలర్ చాలావాటిలో బ్యాటరీ ఖాళీ అయిందని తీర్మానించే గీత కూడా ఆ 42 దగ్గరలోనే. అంటే పొట్ట పగిలేలా చార్జ్ చేసి తెచ్చిన బ్యాటరీని చూసి కంట్రోలర్ "పాపం, ఖాళీ" అంటుంది. "డెడ్ పీస్ ఇచ్చారండీ!" అని కొన్నాయన అమ్మినవాడి మీద పడతాడు. ఇద్దరూ గంటసేపు వాదించుకుంటారు, ఒక్కరూ మల్టీమీటర్ తీయరు.

దీనికి అవతలి గట్టున ఉన్నవాళ్లు షంట్ పూతరాయుళ్లు. కంట్రోలర్ లోపల షంట్ అనే చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. దాని రెండు కొసల మధ్య వోల్టేజి చూసే ఎంత కరెంట్ పోతుందో కంట్రోలర్ తెలుసుకుంటుంది. దాని మీద సోల్డర్ దట్టంగా పూస్తే నిరోధం తగ్గి, 30 పోతున్నా పాపం 20 అనుకుంటుంది. దీన్ని "పవర్ అన్‌లాక్" అని పిలుస్తున్నారు. ఈ అన్‌లాక్‌ని కూడా చక్రం పైకెత్తే పరీక్షిస్తారు. అక్కడ 20 పోదు, 30 పోదు, పోయేది ఆ ఒక్క ఆంపియరే!

ఇక వైర్ల దగ్గరికొస్తే రంగుల సిద్ధాంతం రాజ్యమేలుతుంది. పసుపుకు పసుపు, ఆకుపచ్చకు ఆకుపచ్చ, నీలానికి నీలం. మోటార్ చేసినవాడూ కంట్రోలర్ చేసినవాడూ ఎప్పుడో ఎక్కడో కలుసుకుని రంగుల మీద ఒప్పందం చేసుకున్నారని వీళ్ల గట్టి నమ్మకం. మూడు ఫేజ్ వైర్లు, మోటార్‌లోని అయస్కాంతాల స్థానం పసిగట్టే హాల్ సెన్సర్ల వైర్లు మూడు, మొత్తం 36 అమరికలు. అందులో సరైనవి ఆరు, ఆ ఆరింటిలో మూడు వెనక్కి తిప్పేవి. అయితే తప్పు అమరికల్లో కొన్ని చక్రాన్ని బాగానే తిప్పుతాయి! కాస్త గురగురమంటాయి, ఖాళీగానే నాలుగైదు ఆంపియర్లు తాగుతాయి, అంతే. "కొత్త మోటార్ కదా, అరుగుతుంది లెండి" అని బొటనవేలు లేస్తుంది. మొదటి ఎత్తు దగ్గర కాలిన వాసన లేస్తుంది. మధ్యలో ఒక చవక వాట్‌మీటర్ తగిలించి ఖాళీ కరెంట్ చూసుంటే ఈ అమరిక గుట్టు అక్కడికక్కడే రట్టయ్యేది.

బిగించకముందే మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ఒక్కో ఫేజ్ వైరుకూ బ్యాటరీ వైపు రెండు కొసలకూ మధ్య కొలవొచ్చు. మూడు ఫేజ్‌లకూ ఒకే రకమైన అంకెలు రావాలి. ఒకటి సున్నా చూపిస్తే లోపల మాస్‌ఫెట్ షార్టయినట్టే. ఈ పరీక్షలో ఏదీ తిరగదు కాబట్టి ఎవరూ చేయరు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. కాలిపోయేది కంట్రోలరే, పోయేది డబ్బే.

కంట్రోలర్‌లోంచి రెండు సన్నటి వైర్ల కనెక్టర్లు వస్తాయి, బ్రేక్ లీవర్లకు తగిలించేవి. లీవర్ నొక్కగానే మోటార్‌కు కరెంట్ ఆగిపోవడం వాటి పని. "ఇవి అక్కర్లేదండీ, ఎక్స్‌ట్రా వైర్లు" అంటూ వాటిని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి పక్కన పడేసే నిపుణుల్ని ఏమనాలో నాకు మర్యాద భాషలో దొరకడం లేదు. యాక్సిలరేటర్‌లో ఉండేది ఒక హాల్ సెన్సర్. తిప్పకపోతే 0.8 వోల్టు దగ్గర, పూర్తిగా తిప్పితే సుమారు 4 వోల్టులు ఇస్తుంది. దాని నల్ల వైరు, అంటే గ్రౌండ్, హ్యాండిల్ దగ్గర అటూ ఇటూ ఊగి ఊగి ఒకరోజు తెగుతుంది. తెగితే సిగ్నల్ పడిపోదు, 5 వోల్టుల వైపు ఎగబాకుతుంది. మంచి కంట్రోలర్ "ఇంత వోల్టేజి రాకూడదే" అని ఆగిపోతుంది. నాసిరకందానికి అదంతా ఫుల్ యాక్సిలరేటరే. మనిషి చెయ్యి తీసేసినా బండి దూసుకుపోతుంది, ఎదురుగా ఎవరున్నా సరే. బ్రేక్ పట్టినా మోటార్ ఆగదు, ఎందుకంటే ఆగమని చెప్పే వైర్లు ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయాయి. ఆ బండి ఎక్కేది పదో తరగతి పిల్లో, కూరలకు వెళ్లే ముసలాయనో. వాళ్లకు ఈ మాస్‌ఫెట్‌లూ వోల్టులూ ఎందుకు తెలియాలి? నీకు తెలుసని నమ్మి నీ చేతికిచ్చారు!

ఇంకా మండే విషయం చెప్పనా? చక్రాన్ని గాలిలోకి లేపి తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష నిజానికి ఇదే. చక్రం పైకెత్తి, స్విచ్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, దాని నల్ల వైరు పీకి చూడాలి. చక్రం కదలకూడదు. స్విచ్ ఆపి, వైరు మళ్లీ తగిలించి, ఈసారి యాక్సిలరేటర్ తిప్పిపట్టి స్విచ్ వేయాలి. అప్పుడూ కదలకూడదు. వేగంగా తిరుగుతుండగా బ్రేక్ లీవర్‌ని రవ్వంత, చక్రానికి రాపిడి తగలనంత మాత్రమే నొక్కాలి. మోటార్ టక్కున వదిలేయాలి. ఐదు నిమిషాల పని. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ కంట్రోలర్ వెయ్యి వాట్లదైనా పదివేల వాట్లదైనా బండికి పనికిరాదు, పీకి పక్కన పెట్టాల్సిందే. గుడ్డ పరిచి, సీటు మీద సైకిల్ నిలబెట్టి, అంత తతంగం చేసి, దానికి సరిపోయే ఆ ఒక్క పరీక్షా వదిలేసి స్పీడోమీటర్ చూస్తూ నిలబడతారా?

కత్తిరించిన ఆ బ్రేక్ వైర్లు ఇంకా అక్కడే ఎక్కడో పడి ఉంటాయి. వంగి వెతుకు. దొరక్కపోతే కొత్త కనెక్టర్ తెప్పించు. అతికించేదాకా ఆ బండి తాళంచెవి నీ దగ్గరే ఉంచు, ఎవరొచ్చి అడిగినా సరే.