బండను చీల్చింది ఎండా, నీళ్లా?

(సిరోంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో ఒక ఇంటి అరుగు. మామ జాగ్రఫీ చెప్పి రిటైరైన టీచరు. అల్లుడు లారీ డ్రైవరు, రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ ట్రిప్పు వేసి నిన్ననే దిగాడు. స్టూలు మీద అతను తెచ్చిన రాయి: కొబ్బరికాయంత, నిలువునా ఒక పగులు, అందులో ఇంకా ఇసుక.)

అల్లుడు: పట్టుకుని చూడు మామా. దీన్ని ఏ నీళ్లు పగలగొట్టాయి? అక్కడ మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి ఆనదు, తెల్లవారుజామున దుప్పటి కావాలి. రోజూ ఉబ్బి, రోజూ ముడుచుకుంటే ఏ రాయి ఆగుతుంది?

మామ: నేనూ పిల్లలకు ఏళ్ల తరబడి అదే చెప్పాను. కానీ 1936లో అమెరికాలో డేవిడ్ గ్రిగ్స్ అనే ఆయన గ్రానైట్‌ను 89,400 సార్లు కాల్చి చల్లార్చాడు. రోజుకొకటి చొప్పున 244 ఏళ్ల ఎండ! పొడిగా ఉన్నంతకాలం రాయి చెక్కుచెదరలేదు. చల్లార్చడానికి నీళ్లు వాడాడు, రెండున్నరేళ్ల లెక్కకే పగుళ్లు.

అల్లుడు: అది చిన్న ముక్క మామా. పెద్ద గుండుకి పైన కాలుతుంది, లోపల చల్లగా ఉంటుంది. ఆ గుంజుడు ముక్కకెక్కడిది?

(ఆ ప్రయోగానికి ఇప్పటికీ చెప్పే లోపం ఇదే. కుర్రాడు ఊరికే అనలేదు.)

అల్లుడు: పైగా 2005లో అమెరికా ఎడారి రాళ్లు కొలిస్తే, పగుళ్లు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయట. పొద్దున తూర్పు మొహం, సాయంత్రం పడమటి మొహం కాలుతుంది కదా. నీళ్లకి దిక్కులు తెలుసా?

మామ: (రాయిని తిప్పుతూ) మరి దీని పగులు ఎటు ఉండేది?

అల్లుడు: ...తీసేటప్పుడు చూడలేదు.

మామ: సరే, చీల్చింది ఎండే అనుకో. రాత్రి మంచు తడి ఎక్కడికి దిగుతుంది? ఆ చీలికలోకే. ఉప్పునీరు ఆరితే ఉప్పు పలుకులు పెరిగి అంచుల్ని తోస్తాయి. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఇసుకరాయిలో రేణువుల్ని పట్టి ఉంచే సున్నాన్ని వాననీరు కరిగిస్తుంది. మీ తాత బావిలో బండ పడితే ఏం చేశాడు? మంట పెట్టి, పైన బిందెలతో నీళ్లు గుమ్మరించాడు.

అల్లుడు: మంట ముందు పెట్టాడా, నీళ్లు ముందు పోశాడా?

(మామ నవ్వాడు. జవాబు చెప్పలేదు.)

అల్లుడు: పోనీ, గాలి సంగతి?

మామ: గాలి ఇసుకను మహా అయితే మనిషెత్తు లేపుతుంది. వంద అడుగుల పైనున్న రాతి తోరణాన్ని ఏం చెక్కుతుంది?

అల్లుడు: ఇంత పని చేయడానికి అక్కడ వానలేవీ?

మామ: ఇప్పుడు లేవు. జైసల్మేర్ దగ్గర ఆకల్ శిలాజాల పార్కు చూశావా?

అల్లుడు: చూశా. రాళ్లైపోయిన మొద్దులు, మన సిరోంచ దగ్గరి వడధం ఊళ్లో ఉన్నట్టే. పద్దెనిమిది కోట్ల ఏళ్లవట. ఆ అడవి తడిసిన వానే ఇప్పటి గుట్టల్ని చెక్కిందంటావా?

మామ: అననులే, అది మరీ దూరం. కానీ అదే రాజస్థాన్‌లో డీడ్వానా ఉప్పు సరస్సు ఉంది. ఆరేడు వేల ఏళ్ల కిందట అది నిండుగా ఉండేదని దాని అడుగు మట్టిలో గుర్తులున్నాయి. రాయి వయసులో అది నిన్నటి మాట.

అల్లుడు: వచ్చే ట్రిప్పులో ఫోన్లో దిక్సూచి పెట్టి, చాక్‌పీసుతో ఉత్తరం గీసి మరీ తెస్తా.

మామ: తేవడం ఎందుకు? అక్కడే ఓ యాభై రాళ్లు చూసి రాసుకో. చాక్‌పీసులు నా దగ్గర ఉన్నాయి.