పోలింగ్ రాత్రే తేలాల్సిన లెక్క

మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక 2024 మార్చి 28న జరిగింది. ఓటర్లు 1,439 మంది, వేసింది 1,437 మంది. పొద్దున లెక్క మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు తేలిపోయే ఎన్నిక. ఏప్రిల్ 2న జరగాల్సిన ఆ లెక్కింపును లోక్‌సభ ఎన్నికల కారణంగా ఎన్నికల సంఘం జూన్ 2కు వాయిదా వేసింది. పెట్టెలు రెండు నెలలు స్ట్రాంగ్‌రూమ్‌లోనే ఉన్నాయి. తెరిచాక బీఆర్ఎస్ అభ్యర్థి నవీన్‌కుమార్ రెడ్డి 109 ఓట్లతో గెలిచారు, అదీ ముఖ్యమంత్రి సొంత జిల్లాలో, అధికార పార్టీ అభ్యర్థి మీద.

ఆ ఆలస్యం ఫలితం విలువను తగ్గించలేదు. పెట్టెల్లో ఎన్ని కాగితాలుండాలో పోలింగ్ రోజు సాయంత్రానికే అందరికీ తెలుసు కాబట్టి.

అదే వేసవిలో దేశమంతా జరిగిన ఎన్నికలో ఆ భరోసా కరువైంది. తొలి విడత పోలింగ్ ఏప్రిల్ 19న. తుది పోలింగ్ శాతం బయటికొచ్చింది ఏప్రిల్ 30న, పదకొండు రోజులకు. అదీ శాతమే. ఎన్ని ఓట్లు పడ్డాయన్న అంకె లేదు. ఆ అంకెలు బయటపెట్టాలన్న కేసు సుప్రీంకోర్టుకెక్కింది, మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వడానికి కోర్టు మే 24న నిరాకరించింది, ఆ మర్నాడే సంఘం మొదటి ఐదు విడతల ఓట్ల సంఖ్యలు విడుదల చేసింది. ఒక్కరోజులో ఇవ్వగలిగినదాన్ని అన్ని వారాలు ఎందుకు ఆపినట్టు?

శాతంతో సరిపెట్టుకోవచ్చు కదా అనేవాళ్లు మన రెండు లోక్‌సభ నియోజకవర్గాలను చూడాలి. నల్లగొండలో రఘువీర్‌రెడ్డి 5,59,905 మెజారిటీతో గెలిచారు. అక్కడ ఒక శాతం అటూ ఇటూ అయినా ఎవరూ అడగరు. మహబూబ్‌నగర్‌లో డీకే అరుణ గెలిచింది 4,500 ఓట్ల మెజారిటీతో. అక్కడి ఓటర్లు పదహారు లక్షలకు పైనే. ఒక్క శాతమంటే పదహారు వేల పైచిలుకు ఓట్లు, మెజారిటీకి మూడింతలు దాటుతుంది. అక్కడ తప్పు జరిగిందని నేననడం లేదు, అలా అనడానికి ఆధారమూ లేదు. ఓడినవాళ్లు, గెలిచినవాళ్లు ఇద్దరూ ఒకే అంకె పట్టుకుని మాట్లాడుకునే వీలుండాలన్నదే నా పట్టు.

నిజానికి ఆ అంకె కోసం ఎవరూ ఎదురుచూడాల్సిన పని లేదు. పోలింగ్ ముగియగానే బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి ఈవీఎం కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్ మీట నొక్కుతారు. మొత్తం ఓట్లు తెరమీద కనిపిస్తాయి. ఆ అంకెను, సీళ్ల నంబర్లను 17సీ ఫారంలో రాసి, సంతకం చేసి, అక్కడున్న ఏజెంట్లకు నకలు ఇస్తారు. లెక్కింపు రోజు రిజల్ట్ మీట నొక్కేముందు సరిచూసుకునేది ఆ కాగితంతోనే. కానీ దేవరకొండ తండాల నుంచి కోదాడ దాకా ప్రతి బూత్‌లో చివరిదాకా ఏజెంటును కూర్చోబెట్టగల స్తోమత రెండు మూడు పార్టీలకే ఉంది. ఇండిపెండెంటుకు సాధ్యం కాదు. ఎర్రటెండలో క్యూ కట్టి ఓటేసిన మనిషికైతే ఆ కాగితం చూసే దారే లేదు.

17సీ ఫారాలను నెట్‌లో పెడితే వాటిని మార్ఫింగ్ చేస్తారని, ఏజెంట్లకు తప్ప ఇతరులకు ఇవ్వాలని చట్టంలో లేదని సంఘం కోర్టులో వాదించింది. మార్ఫింగ్ భయం ఉత్తదేమీ కాదు. అయితే నకిలీని పట్టుకోవాలంటే అసలు కాగితం అందరి కళ్లముందు ఉండాలి. 2022 నవంబర్ 6న మునుగోడు ఉప ఎన్నిక లెక్కింపులో ఏమైందో నల్లగొండలో అందరూ చూశారు. రౌండ్ల ఫలితాలు ఆలస్యంగా వస్తున్నాయని బీజేపీ నేతలు నిలదీశారు. 47 మంది అభ్యర్థులుండటంతో సమయం పడుతోందని అధికారులు చెప్పారు. సబబైన కారణమే, అడిగించుకున్నాక కాకుండా ముందే చెప్పాల్సింది.

2025 బీహార్ ఎన్నికల నుంచి ప్రిసైడింగ్ అధికారులే బూత్ నుంచి యాప్‌లో పోలింగ్ వివరాలు నమోదు చేస్తున్నారు. మంచి మార్పే. బూత్‌వారీ అంకె మాత్రం ఆ రాత్రే ఓటరు కంటపడాలి. సర్పంచ్ ఎన్నికల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగిస్తే, రెండింటికి అదే ఊళ్లో, అదే బడిలో లెక్కింపు మొదలవుతోంది. పార్లమెంటు ఓటును అక్కడే లెక్కించమని ఎవరూ అడగడం లేదు. బూత్ అయిన ఆ బడి తలుపుకు 17సీ నకలొకటి అంటించి, యంత్రాన్ని బస్సెక్కించమని అడుగుతున్నాం.