బాధితురాలంటే ఒట్టి సాక్షేనా?

వాకపల్లి కేసులో తీర్పు రావడానికి పదిహేనేళ్లు దాటింది. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ (మావోయిస్టుల వేటకు పెట్టిన ప్రత్యేక దళం) పోలీసులు తమపై అత్యాచారం చేశారని విశాఖ మన్యంలోని ఆ ఊరి ఆదివాసీ మహిళలు 11 మంది ఫిర్యాదు చేస్తే, 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు కేసు కొట్టేసింది. విచారణ ఎదుర్కొన్న 13 మంది పోలీసులూ నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు సరిగా జరగలేదన్నదీ ఆ కోర్టే, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమన్నదీ ఆ కోర్టే. దర్యాప్తు చెడగొట్టింది పోలీసులు, పోయింది మాత్రం వీళ్ల కేసు.

ఎక్కడ చెడిందో తీర్పులో చదువుకుంటే ఏం లాభం? చెడుతున్నప్పుడే అడగగలగాలి. కానీ మన దగ్గర క్రిమినల్ కేసంటే సర్కారుకూ ముద్దాయికీ మధ్య వ్యవహారం. దెబ్బ తిన్న మనిషి బోనెక్కి నాలుగు ముక్కలు చెప్పి దిగిపోవాలి, అంతే.

వాయిదా రోజు ఏ కోర్టు వరండాలోనైనా చూడండి. సమన్లు పట్టుకుని పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి గోడ వారగా నిలబడి ఉంటుంది, నాలుగడుగుల దూరంలోనే ముద్దాయిలు, వాళ్ల చుట్టాలు, ‘రాజీ చేసుకోమ్మా, ఎన్నాళ్లు తిరుగుతావు’ అనే పెద్దమనిషి ఒకడు. సర్కారు తరఫున కేసు వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) గారు ఆ రోజే ఫైలు తిరగేస్తుంటారు (ఆయన నెత్తిన ఉన్న కేసుల్ని చూస్తే తిట్టబుద్ధి కూడా కాదు). మధ్యాహ్నానికి వాయిదా పడిందంటారు. ఎందుకో ఎవరూ చెప్పరు.

చట్టంలో ఏమీ లేదా అంటే, ఉంది. నిందితుడు నిర్దోషిగా బయటపడితే బాధితులే అప్పీలుకు వెళ్లే హక్కు 2009 ఆఖరు నుంచీ ఉంది. దర్యాప్తు మొదలు అప్పీలు దాకా ప్రతి దశలోనూ వాళ్ల మాట వినాల్సిందేనని 2022లో లఖింపూర్ ఖేరీ (రైతుల మీదికి వాహనం ఎక్కించిన) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, వినకుండా ఇచ్చిన బెయిల్‌ను రద్దు కూడా చేసింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) ప్రకారం దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లో పోలీసులే బాధితులకు చెప్పాలి, ఫోన్ మెసేజ్ పెట్టినా చాలు. ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకోవాలనుకుంటే బాధితుల మాట విన్నాకే కోర్టు ఒప్పుకోవాలి.

బాధితుల తరఫు లాయరు మాత్రం సాక్షుల్ని నేరుగా ప్రశ్నించడానికి లేదు, 2019 నాటి సుప్రీం తీర్పు ప్రకారం పీపీకి సాయం చేయడమే ఆయన పని. పీపీ పట్టించుకోకపోతే జడ్జి గారికి మనవి చేసుకోవాలి. బాధితులకు ఎక్కువ చోటిస్తే నిందితుడు ఇద్దరితో పోరాడాల్సొస్తుందని డిఫెన్స్ లాయర్లు అంటారు. అది కొట్టిపారేసే మాట కాదు. కానీ మేం అడుగుతున్నది శిక్ష పెంచమని కాదు, వాళ్లకు విషయం చెప్పమని, అడిగినప్పుడు వినమని. సరైన దర్యాప్తు నిర్దోషికీ అవసరమే.

ఒక పని రేపటి నుంచే చేయొచ్చు. చార్జిషీటు తీసుకునేటప్పుడే మేజిస్ట్రేటు ‘90 రోజుల్లో బాధితులకు చెప్పారా, రుజువేది’ అని అడగాలి. చూపించలేకపోతే ఆ దర్యాప్తు అధికారి చేత రాతపూర్వకంగా సంజాయిషీ ఇప్పించాలి, ఆ కాపీ బాధితుల చేతికే అందాలి.