ఫైలును స్పిరిట్‌లో ముంచితే చాలా? చాలదు

"రూట్ కెనాల్ ఫైళ్లను ఆటోక్లేవ్‌లో పెట్టడం దండగ. పంట్లో ఎలాగూ బ్యాక్టీరియానే కదా! స్పిరిట్‌లో ముంచినా, గ్లాస్ బీడ్స్‌లో పది సెకన్లు గుచ్చినా చాలు. కొత్త ఫైలుకు అదీ అక్కర్లేదు. గుట్టా పెర్చాను ఎవరైనా ఆటోక్లేవ్ చేస్తున్నారా?" అంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఫైళ్లంటే పంటి లోపలి కాలువను గీకి శుభ్రం చేసే సన్నటి సూదుల్లాంటి పరికరాలు, ఆటోక్లేవ్ అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం, గ్లాస్ బీడ్స్ అంటే బాగా వేడిచేసిన గాజుపూసలు, గుట్టా పెర్చా అంటే శుభ్రం చేసిన కాలువలో నింపే రబ్బరులాంటి పదార్థం. ఈ మెసేజ్‌లో అక్కడక్కడా నిజం కలిసింది, అందుకే నమ్మేస్తున్నారు.

ముందు ఆ "ఎలాగూ బ్యాక్టీరియానే" సంగతి. పంట్లో ఉన్నవి ఆ పేషెంట్ సొంత క్రిములు, ఫైలు మీద వచ్చేవి అంతకుముందు కూర్చున్న మనిషివి. ఎండిన రక్తంలో హెపటైటిస్ బి వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. పైగా నరం ఇంకా బతికుండగానే, నొప్పి తట్టుకోలేక వచ్చిన పంట్లో లోతున క్రిములు దాదాపు ఉండకపోవచ్చు, అక్కడికి వాటిని మోసుకెళ్లేది మన ఫైలే. 1965లో ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. అసలు క్రిములే లేకుండా పెంచిన ఎలుకల్లో పంటి గుజ్జు బయటపడినా అది మానింది, మామూలు ఎలుకల్లో కుళ్లిపోయింది. అంటే గొడవంతా క్రిములతోనే. గుజ్జు తీసేశాక కాలువలోకి రక్తం రాదు, తెల్లకణాలు రావు, మింగిన యాంటీబయాటిక్ కూడా చేరదు, మనం లోపల వదిలిందాన్ని మనమే పైన ఫిల్లింగ్ పెట్టి మూసేస్తాం.

ఇక స్పిరిట్. 70 శాతం ఆల్కహాల్ చాలా బ్యాక్టీరియాను చంపుతుంది, స్పోర్లను (గట్టి పెంకుతో మొండిగా బతికే బ్యాక్టీరియా రూపాలను) మాత్రం చంపలేదు. పైగా రక్తంలోని ప్రొటీన్‌ను గడ్డకట్టించి ఫైలుకే అతికిస్తుంది. 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రవంతో నిజంగా స్టెరైల్ (ఒక్క క్రిమీ లేకుండా) కావాలంటే 10 గంటలు నానాలి, పేషెంట్ కుర్చీలో ఉండగా అంతసేపు ఎవరు ఆగుతారు? గ్లాస్ బీడ్స్‌లో గుచ్చిన మొన వరకే వేడెక్కుతుంది, పిడి అలాగే ఉంటుంది, పూసల్లో వేడి కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఈ పూసల యంత్రాలతో ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఉందని అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చినట్టు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003 మార్గదర్శకాల్లోనే ఉంది.

కొత్త ఫైళ్లా? ప్యాకెట్ మీద చదవండి. స్టెరైల్ అని లేకపోతే అది స్టెరైల్ కాదు, అలా వచ్చేవి చాలానే ఉన్నాయి.

అలాగని ఆటోక్లేవ్‌లో పడేసి, వేడికి రంగు మారే టేపు మారింది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లనూ ఒక మాట అనాలి. ఫైలు మెలికల్లో పంటిపొడి, గుజ్జు పోగులు ఇరుక్కుని ఉంటే ఆవిరి వాటి కిందికి పోదు. ఆరిపోకముందే నానబెట్టి, బ్రష్‌తో తోమి, అల్ట్రాసోనిక్‌లో (ధ్వని కంపనాలతో మురికి వదిలించే తొట్టిలో) వేసి, భూతద్దం పెట్టి చూసి, ఆ తర్వాతే ఆటోక్లేవ్‌కి వాడే పౌచ్‌లో (సంచిలో) పెట్టాలి. నా లెక్కలో అసలు పని ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. ఆ తర్వాత 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు, లేదా వాక్యూమ్ ఉన్న యంత్రమైతే 134 దగ్గర 3 నిమిషాలు. ట్రే కుక్కేస్తే ఈ లెక్కలేవీ పనిచేయవు. టేపు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. చచ్చాయా లేదా తెలియాలంటే వారానికోసారి వేడిని బాగా తట్టుకునే జియోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్లతో పరీక్ష పెట్టాల్సిందే.

ఎంత తోమినా ఫైలు పూర్తిగా శుభ్రం కావడం కష్టమన్నది నిజమే. ప్రయాన్ల (మెదడు జబ్బు తెచ్చే, మామూలు స్టెరిలైజేషన్‌కి లొంగని ప్రొటీన్ల) భయంతో 2007లో ఇంగ్లండ్‌లో ఈ ఫైళ్లను ఒక్కసారి వాడి పారేయమన్నారు కూడా. కానీ పారేయమన్నారు, స్పిరిట్‌లో ముంచి మళ్లీ వాడమనలేదు!

గుట్టా పెర్చా వేడికి మెత్తబడి ఆకారం పోతుంది కాబట్టే దాన్ని 5.25 శాతం హైపోక్లోరైట్‌లో (బ్లీచ్ ద్రావణంలో) ఒక నిమిషం ఉంచుతారు, గత్యంతరం లేక. ఫైళ్లు తయారుచేసే స్టీలుకీ, నికెల్ టైటానియానికీ ఆ ఇబ్బంది లేదు.